కామ వదలిన గొడ్డలి: ‘ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్’ అనే ఆంగ్ల జాతీయం – అర్థం, వాడుక

ఒక వాక్యంలోని పదాలన్నీ విడివిడిగా తెలిసి ఉండి కూడా ఆ వాక్యం అర్థం కాకపోవడం ఆంగ్లం చదివేవారికి తరచుగా ఎదురయ్యే అనుభవం. అటువంటి చోట సాధారణంగా ఒక జాతీయం దాగి ఉంటుంది. తెలుగులో ‘చెవిలో ఇల్లు కట్టుకొని పోరడం’ అన్నప్పుడు చెవికీ ఇంటికీ సంబంధం వెదకము కదా! ఆంగ్ల జాతీయాలను కూడా అదే దృష్టితో చూడాలి.

కొన్నేళ్ళ క్రితం కోలారు జిల్లా సరిహద్దులోని ఒక పల్లె నుంచి ఒక రైతు తన కుమారుని పాఠశాల డైరీని నా వద్దకు తెచ్చారు. బాలుడు పట్టణంలోని ఆంగ్ల మాధ్యమ పాఠశాలలో ఏడవ తరగతి చదువుతున్నాడు. డైరీలో ఉపాధ్యాయురాలు ఒకే ఒక వాక్యం వ్రాశారు: “యువర్ సన్ ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్ ఇన్ క్లాస్ టుడే.” ఇంట్లో పెద్దమ్మాయి నిఘంటువు తెరచి ఒక్కొక్క మాటకూ అర్థం చూసింది. ఫ్లై అంటే ఎగురు, హ్యాండిల్ అంటే పిడి. తండ్రి ముఖం చిన్నబుచ్చుకొని, “తలుపు పిడి ఎగరగొట్టినాడంట సార్, ఎంత కట్టాల?” అని అడిగారు. జేబులో డబ్బు కూడా సిద్ధంగా ఉంది.

తలుపు పిడికి ఏమీ కాలేదు. బాలునికి కోపం వచ్చింది, అంతే. కానీ ఆ వాక్యం చెప్పినది అంత మాత్రమే కాదు. దానిలో ఒక తీర్పు కూడా ఉంది. ఆ తీర్పు ఏమిటో తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అర్థం

‘ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్’ అంటే హఠాత్తుగా, అదుపు తప్పి, కారణానికి మించిన కోపం తెచ్చుకోవడం. ఈ అర్థంలో మూడు అంశాలు ఉన్నాయి. మొదటిది, ఆ కోపం క్షణంలో వచ్చినది. లోలోపల చాలాకాలం రగిలినది కాదు. రెండవది, కోపగించిన వ్యక్తి తన మాటలపైన లేక చేతలపైన పట్టు కోల్పోయాడు. మూడవది, అంత కోపానికి తగినంత కారణం లేదని చెప్పేవారి అభిప్రాయం. నిఘంటువులు చాలావరకు మొదటి రెండింటినే చెప్పి ఊరుకుంటాయి. విద్యార్థులు పొరబడేది మూడవ అంశం దగ్గరే.

పుట్టుక

ఇక్కడ హ్యాండిల్ అంటే తలుపు పిడి కాదు, గొడ్డలి కామ. ఇనుప గొడ్డలి తలలో ఉండే కన్నులోకి కర్ర కామను దూర్చి, పైనుంచి చిన్న చీల కొట్టి బిగిస్తారు. ఎండాకాలంలో కర్ర ఆరి కొంత కుంచించుకుపోతుంది. బిగువు సడలుతుంది. అది గమనించక గొడ్డలి ఎత్తి గట్టిగా వేస్తే, ఇనుప తల కామను వదలి ఎటో ఎగిరిపోతుంది. చుట్టుపక్కల నిలబడినవారికి అది ప్రాణాపాయం. మన పల్లెలలో కట్టెలు కొట్టేవారు పని మొదలుపెట్టే ముందు గొడ్డలిని కాసేపు నీటిలో నాననివ్వడం అందరూ చూసిన సంగతే. కర్ర ఉబ్బి కన్నులో బిగుసుకుంటుందని వారికి తెలుసు.

అడవులు నరికి పొలాలు చేసుకొన్న ఉత్తర అమెరికా గ్రామీణులకు గొడ్డలి నిత్య పనిముట్టు. ఈ జాతీయం ఆ నేలపైనే వ్యాప్తిలోకి వచ్చింది. అచ్చులో కనిపించే తొలినాటి ఉదాహరణలలో ఒకటి థామస్ చాండ్లర్ హాలిబర్టన్ రచనలలో ఉంది. ఆయన 1796లో నేటి కెనడాలోని నోవా స్కోషియాలో జన్మించి, అక్కడ న్యాయమూర్తిగా పనిచేసి, 1865లో మరణించారు. ఊరూరా తిరిగి గడియారాలు అమ్మే శామ్ స్లిక్ అనే వాచాలుని పాత్రను సృష్టించి, అతని నోట గ్రామీణుల పలుకుబడులను ధారాళంగా పలికించారు. శామ్ స్లిక్ ఇంగ్లండుకు వెళ్ళిన కథగా 1843లో వెలువడిన ‘ది అటాషే’ అనే గ్రంథంలో ఈ మాట, చీటికిమాటికి కోపగించే మనిషిని గురించి, ఇదే అర్థంలో వాడబడింది.

పోలికలోని ఔచిత్యాన్ని గమనించండి. కామ వదలిన గొడ్డలికి పదును తగ్గదు, బరువు తగ్గదు, వేగమూ తగ్గదు. పోయేది ఒక్కటే, దానిని నడిపించే చేయి. అదుపు తప్పిన కోపం కూడా అంతే. అది ఎవరిపైకి పోవలసినదో వారిపైకి పోక, పక్కన ఉన్నవారికి తగులుతుంది.

‘టెంపర్’ అనే మాట

కోపాన్ని గురించిన ఆంగ్ల పదబంధాలలో మొట్టమొదట నేర్చుకోవలసినది ‘లూజ్ వన్స్ టెంపర్’. ఇక్కడే తరగతిలో ఒక సందేహం వస్తుంది. “టెంపర్ అంటే కోపం కదా! కోపాన్ని పోగొట్టుకొంటే శాంతించినట్లే కదా!” అని పిల్లలు అడుగుతారు. పరీక్షలో ‘అతడు శాంతించాడు’ అని వ్రాసి మార్కులు పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. సందేహం సహేతుకమైనదే కాబట్టి సమాధానం చెప్పాలి.

‘టెంపర్’కు మూలం లాటిన్ భాషలోని ‘టెంపెరారే’ అనే క్రియ. తగిన పాళ్ళలో కలపడం, మితం పాటించడం అని దాని అర్థం. ప్రాచీన గ్రీకు, రోమన్ వైద్యులు మనిషి శరీరంలో నాలుగు రసాలు ఉంటాయనీ, అవి సమపాళ్ళలో ఉంటే మనిషి స్వస్థంగా ఉంటాడనీ భావించారు. మన ఆయుర్వేదంలో వాత, పిత్త, కఫాల సమతను చెప్పినట్లే ఇదీ. కాబట్టి టెంపర్ అనే మాట మొదట సమతకు పేరు. ‘లూజ్ టెంపర్’ అంటే ఆ సమతను కోల్పోవడం. ‘కీప్ యువర్ టెంపర్’ అంటే నిబ్బరంగా ఉండు అని అర్థం.

కమ్మరి కొలిమిలో కూడా ఈ మాట ఉంది. కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసుబారుతుంది. దానిని తిరిగి మితంగా వేడిచేస్తే పెళుసుదనం తగ్గి, దెబ్బకు తట్టుకొంటుంది. ఈ ప్రక్రియను ఆంగ్లంలో టెంపరింగ్ అంటారు.

కాలక్రమంలో ‘బ్యాడ్ టెంపర్’, ‘హాట్ టెంపర్’ వంటి వాడుకల వల్ల టెంపర్ అనే ఒంటి మాటకే కోపస్వభావం అనే అర్థం కూడా అంటుకొంది. ‘హి హ్యాజ్ ఎ టెంపర్’ అంటే అతడు ముక్కోపి. మన తెలుగులో “వాడికి టెంపర్ ఎక్కువ” అనే వాడుక ఈ రెండవ అర్థం నుంచి వచ్చినది. పాత అర్థం ‘లూజ్’, ‘కీప్’ అనే క్రియల పక్కన నిలిచి ఉంది. కొత్త అర్థం ‘హ్యావ్’ పక్కన ఉంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకొంటే పొరపాటు జరగదు.

వాక్యంలో వాడుక

‘ఫ్లై’ క్రియకు భూతకాల రూపం ‘ఫ్లూ’, మూడవ రూపం ‘ఫ్లోన్’. ‘ఫ్లైడ్’ అని వ్రాయరాదు. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

“మై ఫాదర్ ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్ వెన్ ఐ బ్రోక్ ద కప్.” కప్పు పగులగొట్టినందుకే నాన్నగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“షి ఫ్లైస్ ఆఫ్ ద హ్యాండిల్ ఓవర్ నథింగ్.” ఆమె ఏమీ లేనిదానికి మండిపడుతుంది.

“హి ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్ ఎట్ ద డ్రైవర్.” అతడు డ్రైవరుపై విరుచుకుపడ్డాడు.

“డోంట్ ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్; లిజన్ టు మి ఫస్ట్.” ఊరకే ఎగిరిపడకు, ముందు నా మాట విను.

“ఐ యామ్ సారీ, ఐ ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్ యెస్టర్‌డే.” మన్నించండి, నిన్న తొందరపడి కోపగించుకొన్నాను.

ఎవరిపై కోపమో చెప్పడానికి ‘ఎట్’, దేనికి కోపమో చెప్పడానికి ‘ఓవర్’ లేక ‘ఎబౌట్’ వస్తాయి. హ్యాండిల్‌కు ముందు ఎల్లప్పుడూ ‘ద’ ఉండాలి. ‘హిజ్ హ్యాండిల్’, ‘మై హ్యాండిల్’ అనరాదు. ‘ఆఫ్’ స్థానంలో ‘ఫ్రమ్’ వాడరాదు. జాతీయంలోని పదాలు కదలని రాళ్ళవంటివి. ఒకటి మార్చినా కట్టడం కూలుతుంది.

ధ్వనిలో దగ్గరగా ఉండి అర్థంలో దూరమైనవి రెండు ఉన్నాయి. ‘ఫ్లై ఆఫ్ ఎట్ ఎ టాంజెంట్’ అంటే చెప్పే విషయం వదలి వేరే దారి పట్టడం. దానిలో కోపం లేదు. ‘గెట్ ఎ హ్యాండిల్ ఆన్’ అంటే ఒక విషయాన్ని అర్థం చేసుకొని పట్టు సాధించడం.

దగ్గరి జాతీయాలు

కోపానికి ఆంగ్లంలో ఇంకా అనేక జాతీయాలు ఉన్నాయి. వాటిలో తరచుగా కనిపించేవాటికి మధ్య భేదం తెలుసుకొనడం మంచిది.

‘బ్లో వన్స్ టాప్’: లోపలి ఒత్తిడి పెరిగి పైమూత ఎగిరిపోయినట్లు కోపం బయటపడడం. చాలాసేపు ఓర్చుకొన్న తరువాత వచ్చే కోపానికి కూడా ఇది చెల్లుతుంది.

‘హిట్ ద రూఫ్’: కోపంతో ఎగిరి ఇంటికప్పుకు తగలడం. ఒక వార్త విన్న వెంటనే వచ్చే కోపానికి ఎక్కువగా వాడతారు.

‘సీ రెడ్’: కళ్ళకు అంతా ఎరుపుగా కనిపించేటంత కోపం. ఎర్రగుడ్డను చూసి ఎద్దు రేగుతుందనే నమ్మకంతో దీనిని ముడిపెట్టేవారు ఉన్నారు. నిజానికి ఎద్దు కన్ను ఎరుపును మన కన్నులాగా గుర్తించలేదు. దానిని రేపేది గుడ్డ కదలిక.

‘బ్లో ఎ ఫ్యూజ్’: విద్యుత్తు ఎక్కువై ఇంటి ఫ్యూజు తీగ కరిగిపోయినట్లు సహనం నశించడం.

‘షార్ట్ ఫ్యూజ్’: ఇక్కడ ఫ్యూజ్ అంటే పేలుడు మందుకు పెట్టే వత్తి. వత్తి పొట్టిదైతే నిప్పు పెట్టినవాడు దూరంగా పరుగెత్తేలోపే పేలుతుంది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో పనిచేసిన కుటుంబాలకూ, నేటి గ్రానైటు క్వారీల కార్మికులకూ ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. ‘హి హ్యాజ్ ఎ షార్ట్ ఫ్యూజ్’ అంటే అతనికి కోపం ముక్కుమీదనే ఉంటుంది అని అర్థం. ఇది స్వభావాన్ని చెబుతుంది. ‘ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్’ ఒక సంఘటనను చెబుతుంది.

మన భాషలో, ఇరుగుపొరుగు భాషలలో

తెలుగులో కోపానికి కరువు లేదు. కస్సుమనడం, భగ్గుమనడం, నిప్పులు చెరగడం, చిందులు తొక్కడం, శివాలెత్తడం, ఒంటికాలిమీద లేవడం, కారాలు మిరియాలు నూరడం – ప్రతిదానికీ తనదైన ఛాయ ఉంది. కారాలు మిరియాలు నూరడంలో కోపం నిలిచి ఉంటుంది, కక్ష ధ్వనిస్తుంది. అందువల్ల అది మన ఆంగ్ల జాతీయానికి సరిపోదు. క్షణంలో లేచే కోపానికి ‘అగ్గిమీద గుగ్గిలం’ అన్నింటికంటే దగ్గరగా ఉంటుంది. గుగ్గిలం చెట్టు నుంచి కారే జిగురును ఎండబెట్టి నిప్పుమీద చల్లితే ఒక్కసారిగా మంట లేస్తుంది. అయితే ఒక భేదం ఉంది. గుగ్గిలం పోలికలో కోపం తగినదా, తగనిదా అనే తీర్పు లేదు. ఆంగ్ల జాతీయంలో ఉంది. అందుచేత అనువదించేటప్పుడు ‘చిన్నదానికే’, ‘ఊరకే’, ‘తొందరపడి’ వంటి మాట ఒకటి చేర్చితేనే భావం పూర్తి అవుతుంది.

సరిహద్దు గ్రామాల పిల్లలకు ఇరుగుపొరుగు భాషలూ పరిచితమే కాబట్టి వాటితో పోల్చి చెబితే ఇంకా బాగా నిలుస్తుంది. కన్నడంలో ‘సిట్టు నెత్తిగేరితు’ అంటారు. కోపం నడినెత్తికి ఎక్కిందని అర్థం. తమిళంలో ‘కోపం తలైక్కేరియదు’ అన్నా అదే. మరాఠీలో ‘తళపాయాచీ ఆగ మస్తకాత గేలీ’ అంటారు. ఇది మన ‘అరికాలి మంట నెత్తికెక్కింది’ అనే మాటకు అచ్చమైన జోడు. ఒడియాలో ‘రాగ పంచమకు ఉఠిలా’ అంటే కోపం పంచమ స్వరానికి లేచిందని భావం. ఒడియాలో, మరాఠీలో ‘రాగ’ అంటే కోపం అని తెలుగు పిల్లలు గుర్తుంచుకోవాలి. రాయగడలోనో, సిరొంచలోనో పొరుగింటివారు ‘రాగ’ అంటే పాట అనుకొని నవ్వరాదు.

ఒక విశేషం గమనించవచ్చు. ఈ భాషలన్నింటిలో కోపం కిందినుంచి పైకి ఎక్కుతుంది. ‘ఫ్లై ఆఫ్’, ‘లూజ్’ అనే ఆంగ్ల వాడుకలలో అది చేతి పట్టునుంచి జారిపోతుంది. ఫ్రెంచిలో కూడా ఇటువంటిదే ఒకటి ఉంది. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఆ భాష చదివిన పెద్దలకు ‘సోర్తిర్ ద సె గోఁ’ అనే మాట తెలిసి ఉండవచ్చు. తలుపు బందుల నుంచి ఊడివచ్చినట్లు కోపగించడం అని దాని అర్థం. గొడ్డలికి కామ ఎటువంటిదో తలుపుకు బందు అటువంటిది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడరాదు

ఇది సంభాషణలో, కథలో, స్నేహితునికి వ్రాసే లేఖలో వాడదగిన మాట. అర్జీలలో, కార్యాలయ లేఖలలో, పాఠశాల నివేదికలలో వాడరాదు. అక్కడ ‘లాస్ట్ హిజ్ టెంపర్’ లేక ‘బికేమ్ యాంగ్రీ’ అని వ్రాయడం మర్యాద. పెద్దలను గురించి వారి ఎదుట ఈ మాట వాడితే అవిధేయతగా తోస్తుంది. తనను గురించి తాను వాడుకొన్నప్పుడు మాత్రం ఇది చక్కగా ఒప్పుతుంది, ఎందుకంటే అప్పుడు తీర్పు ఇచ్చేవాడూ, తీర్పు పొందేవాడూ ఒక్కరే.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక వేరే ఉంది. న్యాయమైన కారణంతో కోపగించినవారికి ఈ మాట అంటగట్టరాదు. తన పేరు పొరుగు లిపిలో తప్పుగా పడిన పత్రం పట్టుకొని నాలుగుసార్లు తిరిగి, అయిదవసారి గొంతు పెంచిన మనిషిని గురించి ‘హి ఫ్లూ ఆఫ్ ద హ్యాండిల్’ అని వ్రాస్తే, నాలుగుసార్ల తిరుగుడు ఆ వాక్యంలో మాయమవుతుంది. చదివేవారికి మిగిలేది ఒక ముక్కోపి మాత్రమే. ‘హి ప్రొటెస్టెడ్’ అని వ్రాస్తే అతని మాటకు విలువ ఉంటుంది. రెండు వాక్యాలూ వ్యాకరణరీత్యా నిర్దుష్టమే, కానీ వాటిలో ఒకటే సత్యం.

డైరీ తెచ్చిన రైతు కుమారుణ్ణి పిలిచి అడిగాను. వాడు చాలాసేపు తల వంచుకొని ఉండి, తరువాత చెప్పాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే ఆ పిల్లవాని ఆంగ్ల ఉచ్చారణను పక్కబెంచీలోని బాలుడు వారం రోజులుగా అనుకరించి నవ్విస్తున్నాడు. ఆ రోజు వాని తల్లి మాటతీరును కూడా అనుకరించాడు. వీడు లేచి, అరచి, చేతిలోని పుస్తకం విసిరాడు. ఆ పుస్తకం అనుకరించినవానికి తగలలేదు. వెనుక కూర్చొన్న మరొక పిల్లవాని భుజానికి తగిలింది.

గొడ్డలి పోలిక అక్షరాలా నిజమైన చోటు అది. విసరడం తప్పేనని వానికి చెప్పాను, వాడు ఒప్పుకొన్నాడు. కానీ ఏమీ లేనిదానికి కోపం వచ్చిందనడం సరికాదు. తండ్రి కోరిక మేరకు డైరీలో జవాబు నేనే వ్రాసి ఇచ్చాను. ఆయన సంతకం చేశారు. “మై సన్ లాస్ట్ హిజ్ టెంపర్. హి ఈజ్ సారీ దట్ హి త్రూ ద బుక్. ప్లీజ్ ఆస్క్ ఆల్సో వాట్ వాజ్ సెడ్ టు హిమ్.” నా కుమారుడు కోపంతో అదుపు తప్పాడు. పుస్తకం విసిరినందుకు చింతిస్తున్నాడు. వానితో ఏమన్నారో కూడా దయచేసి అడిగి తెలుసుకోండి. మూడు చిన్న వాక్యాలు. మొదటిది జరిగినది ఒప్పుకొంటుంది, రెండవది మన్నింపు కోరుతుంది, మూడవది కారణాన్ని తిరిగి వాక్యంలోకి తెస్తుంది.

మరునాడు ఉపాధ్యాయురాలు ఇద్దరు పిల్లలనూ పిలిచి మాట్లాడారని తండ్రి వచ్చి చెప్పారు. తలుపు పిడికోసం తెచ్చిన డబ్బుతో పిల్లవానికి ఒక ఆంగ్ల–తెలుగు నిఘంటువు కొన్నారు.

కాబట్టి ఈ జాతీయం ఎదురైనప్పుడు తల్లిదండ్రులు, విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కోపం వచ్చిందా అనేది మొదటిది. ఆ కోపానికి కారణం లేదని ఎవరు నిర్ణయించారు అనేది రెండవది. మొదటి ప్రశ్నకు నిఘంటువు సమాధానం చెబుతుంది. రెండవదానికి మనుషులను అడగాలి.